గోలకొండ పత్రికకు నూరేళ్లు సరే, చదువుదామంటే ఎక్కడుంది?

సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం, తెలంగాణ మీడియా అకాడమీ, రాష్ట్ర ఆర్కైవ్స్ పెద్దలకు,

నమస్కారం. ముగ్గురికీ విడివిడిగా రాస్తే ఒకరు ఇంకొకరి మీదికి తోసేస్తారేమోనని అనుమానం, అందుకే కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. నలుగురూ చదివేలా బయట పెడుతున్నది కూడా అందుకే, ఫైలు నంబరు పడి బీరువాలో నిద్రపోకూడదని.

గోలకొండ పత్రిక మొదటి సంచిక 1926 మే 10న వచ్చింది. 2026 మే 10కి నూరేళ్లు. 2025లో అసెంబ్లీలో బిల్లు పెట్టి మరీ తెలుగు విశ్వవిద్యాలయానికి ఆ పత్రిక సంపాదకుడు సురవరం పేరు పెట్టారు, సంతోషం, ఆయనకు దక్కాల్సిన గౌరవమే అది. నూరేళ్లు అనగానే ఏం జరుగుతుందో మనందరికీ తెలిసిందే కదా. రవీంద్రభారతిలో సభ, బయట ఫ్లెక్సీలు, లోపల శాలువాలు, ఒక ప్రత్యేక సంచిక, ఆ సంచికలో మొదటి పది పేజీలూ సందేశాలూ ఫొటోలూ. చెయ్యండి, వద్దనను, వీలైతే నేనూ వచ్చి వెనక వరసలో కూర్చుంటాను. కానీ ఆ సభకు వచ్చిన ఇంటర్ పిల్లవాడెవడైనా ఇంటికెళ్లి, ఫోను తెరిచి, ఇంతమంది ఇంతసేపు పొగిడిన ఆ పత్రిక ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనుకుంటే ఏం చూపిస్తారు? 40 ఏళ్లు బతికిన పత్రిక అది. మొదట వారానికి రెండుసార్లు, 1947 నుంచి రోజూ, 1966లో మూతపడేదాకా వచ్చింది. వేల సంచికలు. వాటిని మొదటినుంచి చివరిదాకా ఒక వరసలో చదివే వీలు మామూలు మనిషికి ఈ రోజు లేదు.

వేదికల మీద గోలకొండ గురించి వినపడేవి నాలుగే నాలుగు ముక్కలు. నిజాం కాలంలో తెలుగు కోసం నిలబడింది. సురవరం ఒక్కడే రకరకాల పేర్లతో పత్రికంతా నింపేవాడు. కవుల సంచిక తెచ్చాడు. సెన్సారుకు లొంగలేదు. నాలుగూ నిజాలే, నేను కాదనడం లేదు. కాకపోతే ఇవి పత్రిక తెరిచి చూసి చెబుతున్న మాటలు కావు, ఒక పీఠికలోంచి ఇంకో పీఠికలోకి, అక్కడినుంచి ఉపన్యాసంలోకి, ఉపన్యాసంలోంచి వాట్సాప్‌లోకి వచ్చిన మాటలు. ఒక పత్రికను 60 ఏళ్లపాటు చదవకుండా పొగిడితే ఏమవుతుందో అదే అయింది.

కవుల సంచిక సంగతే చూడండి. తెలంగాణలో కవులు పూజ్యం అని ముడుంబ వెంకట రాఘవాచార్యులు అనే పండితుడు ఒక మాట అన్నాడు. పూజ్యం అంటే ఇక్కడ సున్నా అని. దానికి సురవరం కోపంతో ఒక సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు, మనమైతే అదే చేస్తాం, ఒక పోస్టు పెట్టి రెండు రోజులు కామెంట్లకు జవాబులిచ్చి మర్చిపోతాం. ఆయన కవుల వివరాలూ పద్యాలూ ఊరూరి నుంచి తెప్పించి, పేరు మోసినవాళ్లనీ ఊరు దాటనివాళ్లనీ తేడా చూడకుండా, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. వాదన అక్కడితో ఆగిపోయింది. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఏ మారుమూల పల్లెలోనో పద్యాలు రాసుకుంటున్న మనిషికి హైదరాబాదులో ఇలాంటి పని జరుగుతోందని ఎలా తెలిసింది? ఆ ఊరికి పత్రిక వెళ్తోంది కాబట్టి, అందులో పడింది అక్కడ ఎవరో చదివి నలుగురికి చెబుతున్నారు కాబట్టి. సంచిక పుస్తకం కాబట్టి మళ్లీ అచ్చైంది, దొరుకుతోంది. దాని వెనకున్న పత్రిక మాత్రం దొరకదు. ఇది నాకు భలే విడ్డూరంగా అనిపిస్తుంది.

ఈ పత్రిక ఎక్కడినుంచి పుట్టిందో తెలిస్తేగానీ దాని విలువ తెలియదు, కాబట్టి రెండు మాటలు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని హాల్లో సంఘ సంస్కరణ సభ జరిగింది, మహర్షి కర్వే అధ్యక్షుడు. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడినవాళ్లను శ్రద్ధగా విన్న జనం, ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి గోల చేసి ఎగతాళి చేశారు. మొత్తం 16 జిల్లాల సంస్థానంలో 8 తెలుగు జిల్లాలు, ఆ రాజధానిలోనే తెలుగు మాట్లాడితే నవ్వులాట. ఆ అవమానంలోంచే మాడపాటి హనుమంతరావు వంటివాళ్లు కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే, 1922లో, నల్లగొండలో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక, ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక మొదలుపెట్టారు. ఇనుగుర్తి అంటే పట్నం కాదు, పల్లెటూరు. అన్నదమ్ములిద్దరూ వాళ్లే రాసి, వాళ్లే అక్షరాలు పేర్చి, వాళ్లే అచ్చువేసి పోస్టులో వేసేవాళ్లు. ఆ రెండూ కొన్నేళ్లకే ఆగిపోయాయి. గోలకొండ నిలిచింది.

ఎందుకు నిలిచింది అని అడిగితే మన ఉపన్యాసకులు సురవరం పట్టుదల అంటారు. పట్టుదల ఉంది, సందేహం లేదు. కానీ పట్టుదలతో టైపు రాదు, కాగితం రాదు. వెనక డబ్బుంది, అండ ఉంది. ఆ అండ ఎవరిదో చెప్పడానికే మనవాళ్లు కొంచెం నసుగుతారు. రాజబహదూర్ వెంకట్రామారెడ్డిది. అప్పటి హైదరాబాదు నగర కొత్వాలు, మన లెక్కలో పోలీసు కమిషనర్. ఆయన ప్రోత్సాహంతో 1918లో పెట్టిన రెడ్డి హాస్టల్ బాధ్యతలు కొన్నేళ్లు చూసింది కూడా సురవరమే. అంటే నిజాం నవాబు నమ్మిన పోలీసు అధికారి చలవతో, సంస్థానాధీశులూ దేశ్‌ముఖులూ ఇచ్చిన సాయంతో, నిజాం పాలనలోని అన్యాయాల మీద రాసే పత్రిక నడిచింది. ఇందులో దాచుకోవాల్సింది ఏముందో నాకు అర్థం కాదు. సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని గస్తీ నిశాన్ 53 అనే సర్కారీ ఉత్తర్వు అమల్లో ఉన్న రాజ్యం అది, పత్రిక పెట్టాలంటే సర్కారు మంజూరీ కావాలి, ఇచ్చిన మంజూరీ ఎప్పుడైనా తీసేసుకోవచ్చు. అలాంటి చోట ఎవరి అండా లేకుండా పత్రిక నడపడం అంటే ఏమిటో తెనుగు, నీలగిరి పత్రికల ఆయుష్షే చెబుతుంది. పాము చావకుండా కర్ర విరగకుండా 20 ఏళ్లు నడపడం కూడా ఒక విద్యే. నా మట్టుకు నాకు సురవరం మీద గౌరవం పెరిగేది ఇక్కడే, వీరుడు అన్నచోట కాదు.

సెన్సారు విషయంలోనూ అంతే. సంపాదకీయం కూడా సర్కారుకు చూపించి ఒప్పించుకున్నాకే వెయ్యాలని ఒక దశలో ఆంక్ష పెట్టారు. సంపాదకుడికి అది మెడ మీద కత్తే. సురవరం ఏం చేశాడు? సంపాదకీయం రాయడం మానేసి, ఆ చోటులో ప్రపంచంలోని గొప్పవాళ్ల సూక్తులు తెచ్చి వేశాడు. స్వేచ్ఛ గురించి ఎప్పుడో ఎవరో అన్న మాటను ఈ రోజు సంపాదకీయం ఉండాల్సిన చోట వేస్తే చదివేవాడికి అర్థం కాదా? సర్కారువాళ్లకూ అర్థమవుతుంది, కానీ ఏ సెక్షన్ కింద పట్టుకుంటారు? ఇదీ మనం వేదికల మీద వినే కథే. అయితే నేను చూడాలనుకుంటున్నది కథ కాదు, ఆ పేజీ. ఏ రోజు ఏ సూక్తి పడింది, ఆ రోజు ఊళ్లో ఏం జరుగుతోంది, పక్క కాలమ్‌లో ఏ వార్త ఉంది, ఆ రెండూ కలిపి చదివితే ఏం అర్థమయ్యేది. ఆ తమాషా అంతా పేజీ పక్కన పేజీ పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. కుర్రాళ్లకు జర్నలిజం పాఠం చెప్పాలంటే ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు, వంద సెమినార్లు పెట్టినా రాదు.

ఇక అసలు విషయానికి వస్తాను, ఈ ఉత్తరం రాసింది దీనికోసమే.

సురవరం 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. అంటే పత్రిక సంపాదకుడూ ఉద్యమ నాయకుడూ ఒకరే. మొదటి పదేళ్లూ ఆ సభలు తెలుగు బడులు, గ్రంథాలయాలు, బాల్యవివాహాలు, వెట్టి అంటూ తీర్మానాలు చేసి, సర్కారుకు మహజర్లు, అంటే విన్నపాలు, పెట్టుకునే సభలు. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక గాలి మారింది. 1944లో భువనగిరిలో ఆ మహాసభ నిలువునా రెండుగా చీలింది, కమ్యూనిస్టులు ఒకవైపు, జాతీయవాదులు ఇంకోవైపు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను విసునూరు దేశ్‌ముఖు గూండాలు కాల్చి చంపారు. అక్కడినుంచి ఏం జరిగిందో చరిత్ర పుస్తకాల్లో ఉంది.

మరి ఆ జులై నెలలో గోలకొండ పత్రిక ఏం రాసింది? కొమురయ్య చావు ఏ పేజీలో, ఎన్ని లైన్లలో వచ్చింది? దేశ్‌ముఖు అని రాశారా, పేరు పెట్టి రాశారా? ‘గలాటా’ అన్నారా, ‘హత్య’ అన్నారా? దేశ్‌ముఖుల సాయంతో మొదలైన పత్రిక దేశ్‌ముఖు గడీ మీద తిరుగుబాటు వచ్చిన నెలలో ఎక్కడ నిలబడింది? ఈ ప్రశ్నకు అటువాళ్ల దగ్గరా ఇటువాళ్ల దగ్గరా జవాబులు సిద్ధంగా ఉంటాయి, కానీ అవి వాళ్ల రాజకీయాన్ని బట్టి వచ్చిన జవాబులు. ఒకరు రెడ్ల పత్రిక అని కొట్టిపారేస్తారు, ఒకరు ప్రజల పత్రిక అని నెత్తిన పెట్టుకుంటారు. అసలు జవాబు ఆ నెల సంచికల్లో ఉంది, అచ్చులో, తేదీతో సహా. అది మాకు చూపించండి అంటున్నాను. పత్రిక తలెత్తుకునేలా రాసి ఉంటే అందరం తలెత్తుకుందాం, నీళ్లు నమిలి ఉంటే ఎక్కడ నమిలిందో తెలుసుకుందాం. రెండూ చరిత్రే. సురవరం అంతటివాడికి మన పైపూత అక్కర్లేదు, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన మనిషి ఆయన. రాజులు ఎవరి మీద ఎవరు దండెత్తారన్నది పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని కావ్యాల్లోంచీ చాటువుల్లోంచీ ఏరి ఏరి రాసిన పుస్తకం అది, ఆయన పోయాక 1955లో తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. మరి ఆయన సొంత పత్రికలోని ప్రకటనలూ, ధరల పట్టికలూ, పెళ్లి కబుర్లూ, పాఠకుల ఉత్తరాలూ అలా ఏరడానికి ఇంకొకరికి అవకాశం ఉండొద్దా?

ఆన్‌లైన్‌లో కొంత ఉంది కదా అంటారేమో. ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించే పని పెట్టుకుంది, ఆ పని చేసినవాళ్లకు రెండు చేతులా దండం. కానీ స్కాన్ అంటే బొమ్మ. బొమ్మలో వెతకలేం. ‘వెట్టి’ అనే మాట 1926 నుంచి 1948 దాకా ఎప్పుడెప్పుడు వచ్చిందో కావాలంటే 22 ఏళ్ల పేజీలు ఒక్కొక్కటీ కళ్లతో తిరగెయ్యాలి. ఉద్యోగం చేసుకునేవాళ్లం, ఆ పని ఎప్పుడు చేస్తాం? పీహెచ్‌డీ పిల్లలు కూడా చెయ్యలేక నాలుగు సంచికలు చూసి థీసిస్ ముగిస్తున్నారు, వాళ్లను తప్పుపట్టను.

కాగితం ప్రతుల సంగతి చెప్పాలంటే, కొన్నాళ్ల కిందట ఒక పెద్ద గ్రంథాలయానికి వెళ్లాను. పేరెందుకులెండి, అక్కడ పనిచేసేవాళ్లు మంచివాళ్లే, ఉన్న జీతాలతో ఉన్న ఫ్యాన్ల కింద చెయ్యగలిగింది చేస్తున్నారు. ఒక బైండు తెచ్చి ఇచ్చారు, అట్ట ఊడిపోయి పురికొసతో కట్టి ఉంది. ముడి విప్పి మొదటి పేజీ తిప్పగానే అంచు బిస్కెట్‌లా విరిగి నా చేతిలోకి వచ్చింది. ఇక తిప్పాలంటే భయం వేసింది. మధ్యలో ఎవరో ఎప్పుడో సెల్లోటేపు అతికించారు, పాపం మంచికే, ఆ టేపు కింద అక్షరాలన్నీ పసుపుపచ్చగా మాడిపోయి టేపుతోపాటు లేచి వస్తున్నాయి. బైండింగ్ దగ్గర కాలమ్ సగం లోపలికి పోయింది, ప్రతి లైనులో చివరి రెండు అక్షరాలు ఊహించుకోవాలి. కేటలాగులో ఏడాదంతా ఉన్నట్టే రాసి ఉంది, లోపల చూస్తే మూడు నెలలు మాయం. ఫొటో తీసుకోవచ్చా అంటే పైవాళ్ల లెటరు కావాలన్నారు. అప్పటి న్యూస్‌ప్రింటు మామూలుగానే నాసిరకం, ఆ కాగితంలో ఉండే ఆమ్లమే దాన్ని లోపలినుంచి తినేస్తుంది. ఏసీ పెట్టినా ఆగదు, నెమ్మదిస్తుందంతే. అంటే మనం కమిటీ వేసి, కమిటీకి సబ్‌కమిటీ వేసి, టీఏ డీఏలు తేల్చేలోపు ఇంకో నాలుగు బైండ్లు పొడి అయిపోతాయి.

కాపీరైటు అడ్డం అని మాత్రం అనకండి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు. సురవరం పోయింది 1953 ఆగస్టులో, అంటే 2014 నుంచి ఆయన రాతలన్నీ అందరివీ. పేరు లేకుండా అచ్చైన వార్తలకూ ఎవరివో తెలియని మారుపేర్ల రచనలకూ అచ్చైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క, పత్రిక మూతపడింది 1966లో, కాబట్టి ఆ రకంవి 2027 వచ్చేసరికి చిట్టచివరి సంచికతో సహా బయటపడతాయి. మిగిలేది పేరు పెట్టి రాసి 1966 తర్వాత పోయినవాళ్ల రచనలు. వాటి దగ్గర ఆగి వారసులను అడగండి, ఆ కారణం చూపించి మొత్తం ఆపకండి.

పని ఎలా చెయ్యాలో మీకు చెప్పేంతవాణ్ణి కాదు గానీ, బయటినుంచి చూస్తున్నవాడిగా కొన్ని సంగతులు చెప్పాలి. ముందు ఎవరి దగ్గర ఏ సంచికలున్నాయో తేలాలి. తార్నాక ఆర్కైవ్స్, సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, హన్మకొండ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, అవతలివైపు వేటపాలెం సారస్వత నికేతనం, ఇలా పాత కాగితం దొరికే చోట్లన్నీ అడగాలి. ఇవి కాక ఊళ్లలో పాత ఇళ్ల అటకల మీద ఏముందో ఎవరు చూశారు? ఒకరి దగ్గర లేని నెల ఇంకొకరి దగ్గర ఉండొచ్చు, ఒకరి దగ్గర చిరిగిన పేజీ ఇంకొకరి దగ్గర బాగుండొచ్చు. అందరివీ కలిపితేనే ఒక పూర్తి సెట్టు అవుతుంది. ఇంకోటి, ఆ కాలం సర్కారీ కాగితాలన్నీ ఫసలీ లెక్కలో, అంటే నిజాం సర్కారు వాడిన క్యాలెండరులో ఉంటాయి, ఆజూరు, దై, బహ్మన్ అని నెలలు, వాటి పక్కన మన తిథులు, ఇంగ్లీషు తేదీలు. మూడింటినీ కలిపి సూచిక తయారుచెయ్యకపోతే పత్రికలో పడిన ఉత్తర్వును ఆర్కైవ్స్‌లో ఉన్న ఫైలుతో జత చెయ్యలేం. ఈ పని తెలిసిన ముసలివాళ్లు ఇంకా కొంతమంది ఉన్నారు. వాళ్లు ఉండగానే కానివ్వండి.

అక్షరాలు గుర్తుపట్టే పని, అదే ఓసీఆర్, తెలుగులో పదేళ్ల కిందటిలా లేదు, బాగా ముందుకొచ్చింది. అయినా చేతి కంపోజింగ్ టైపు, అరిగిపోయిన అచ్చులు, విరిగిన ఒత్తులు, అరసున్నలు, బండి ఱలు, వీటితో తప్పులు వస్తాయి, రానివ్వండి. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయంవాళ్లు ట్రోవ్ అని ఒకటి నడుపుతున్నారు, పాత పేపర్లన్నీ పెట్టి, పక్కన మెషిన్ చదివిన పాఠం పెట్టి, తప్పులు కనిపిస్తే మీరే దిద్దండి అని జనానికి వదిలేశారు. జనం కూర్చుని లైను లైను దిద్దుతున్నారు, రిటైరైనవాళ్లు, వాళ్ల తాతల ఊరి కబుర్లు వెతుక్కునేవాళ్లు. మన తెలుగు వికీసోర్స్‌లో పైసా తీసుకోకుండా పాత పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నవాళ్లు ఇప్పటికే ఉన్నారు, మీకు తెలియకపోతే కనుక్కోండి. ప్రకటనలు మాత్రం కత్తిరించొద్దు. మన దగ్గర స్కాన్ చేసేవాళ్లకు ఒక జబ్బు ఉంది, ‘ముఖ్యమైన’ వ్యాసాలు ఏరి మిగతాది వదిలేస్తారు. నూరేళ్ల కిందట హైదరాబాదులో తలనొప్పి మందు ఎవరు అమ్మేవారో, అచ్చాఫీసు ఎక్కడ ఉండేదో నాకు సంపాదకీయం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

గోలకొండ ఒక్కటే చేసి చేతులు దులుపుకోవద్దని కూడా అడుగుతున్నాను. దాని కాలంలోనే మందుముల నరసింగరావు 1927లో ఉర్దూలో రయ్యత్ పెట్టారు, తెలుగువాడే, కానీ సర్కారు చదివే భాషలో సర్కారును తిట్టాలని కాబోలు ఉర్దూలో పెట్టారు. సర్కారుకు వెంటనే వినిపించింది, రెండేళ్లకే మూయించారు. తర్వాత మళ్లీ తెచ్చారు, మళ్లీ మూయించారు. అదే రయ్యత్‌లో పనిచేసిన షోయబుల్లాఖాన్ అది ఆగిపోయాక బూర్గుల రామకృష్ణారావు వంటివాళ్ల సాయంతో 1947 నవంబరులో ఇమ్రోజ్ మొదలుపెట్టాడు. రజాకార్లు ఊరేగుతున్న రోజుల్లో, హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని ఉర్దూలో, రోజూ, సంపాదకీయాలు. తొమ్మిది నెలలు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు పని ముగించుకుని ఇంటికి నడిచి వస్తుంటే కాచిగూడ లింగంపల్లి చౌరస్తా దగ్గర మీదపడి కాల్చారు, రాసే చెయ్యి నరికారు. తెల్లారేలోపు ప్రాణం పోయింది. 27 ఏళ్లు. ఇంకో నెల గడవకముందే పోలీసు చర్య వచ్చింది. ఏటా ఆగస్టు 22న ఆయన ఫొటోకు దండలు వేస్తాం, మరి ఆయన రాసిన సంపాదకీయాల్లో ఒక్కటైనా మనలో ఎంతమంది చదివాం? ఉర్దూ మనకు రాదు అంటే సరే, ఇదే ఊళ్లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది, పంజాగుట్టలో ఇదారె అదబియాతె ఉర్దూ ఉంది, తెలుగు యూనివర్సిటీవాళ్లు వెళ్లి కూర్చుని మాట్లాడితే కానిదేముంది? భాగ్యరెడ్డి వర్మ 1930ల్లో నడిపిన భాగ్యనగర్ పత్రికనూ ఇందులో కలపాలి. పెద్ద కులాలవాళ్ల పత్రికలకు వారసులున్నారు, ట్రస్టులున్నాయి. ఆయన పత్రికకు సర్కారే దిక్కు, మీరు వెతక్కపోతే ఇంకెవరూ వెతకరు.

గోలకొండ చివరి 13 ఏళ్ల గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు, గమనించారా? సురవరం 1951లో ప్రజావాణి అని వేరే పత్రిక పెట్టుకున్నాడు, 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే అయ్యాడు, మరుసటేడు పోయాడు. ఆయనతోపాటే గోలకొండ కథ కూడా ముగిసినట్టు మాట్లాడతాం. కానీ పత్రిక బతికే ఉంది. ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న 1952 ముల్కీ గొడవ, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు, పెద్దమనుషుల ఒప్పందం, ఇవన్నీ ఆ పత్రిక కళ్ల ముందే జరిగాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చాక కూడా ఆ సంచికలు ఎవరికీ అక్కర్లేకపోతే ఎలా? అప్పటికి కోస్తా నుంచి పెద్ద పెట్టుబడి, పెద్ద మెషీన్లు ఉన్న పత్రికలు హైదరాబాదు బజారులోకి వచ్చేశాయి, ఉద్యమం కోసం పుట్టిన పత్రిక వ్యాపారం కోసం పుట్టిన పత్రికతో పోటీ పడాల్సి వచ్చింది. ఆ పోటీ ఈ రోజు యూట్యూబ్ చానెల్ పెట్టుకుని నడపలేక తిప్పలు పడుతున్న కుర్ర జర్నలిస్టుకు బాగా అర్థమవుతుంది. సర్కారు ప్రకటన ఇస్తే బతుకు, లేకపోతే లేదు, ఇస్తే ఏం రాయాలో వాళ్లే చెబుతారు. కొత్వాలు అండ ఉన్నా కొత్వాలు పనిచేసే సర్కారు మీద రాసిన పత్రికను చూసి మనం నేర్చుకునేది ఉందో లేదో, చదివితే కదా తెలిసేది.

డబ్బు లేదని అనరనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఉత్సవాలకు ఎంత ఖర్చు పెడతారో చూస్తూనే ఉన్నాం. అంతా ఒక్కరోజులో కావాలనీ అడగడం లేదు. మే 10కి కనీసం ఒక జాబితా విడుదల చెయ్యండి, గోలకొండ పత్రిక ఏ నెల సంచికలు ఎక్కడ ఏ స్థితిలో ఉన్నాయి, ఏవి అసలు లేవు. లేనివాటి తేదీలు పేపర్లలో వేస్తే, ఎవరింట్లోనైనా ఉంటే తెచ్చిస్తారు. తర్వాత 1926 సంచికలు స్కాన్ చేసి పెట్టండి, ఆ తర్వాత మధ్యలో ఏళ్లు వదిలేసినా సరే 1946 పెట్టండి. ప్రూఫులు దిద్దడానికి నేను వస్తాను, నాకు తెలిసిన తెలుగు టీచర్లు, రిటైరైన కంపోజిటర్లు, అమెరికాలో ఉండి ఆదివారాలు ఖాళీగా ఉండే మా బంధువులు కూడా వస్తారు. మాకు శాలువాలు వద్దు, ఒక లాగిన్ ఇప్పించండి. ఈ ఉత్తరానికి జవాబు నా ఒక్కడికే రాయొద్దు, మీ మూడు సంస్థల వెబ్‌సైట్లలోనూ పెట్టండి, ఎవరు ఏ పని తీసుకుంటున్నారో పేర్లతో సహా.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు